హోటలు దుప్పట్లు

"ఎవరికైనా డబ్బిచ్చినావా?"

"నేదు."

"నేదు కాదే తల్లీ, నేదండి. మొకం అలగ మాడ్సీకూడదు. నవ్వుతా సెప్పాల. మళ్ళీ. ఎవరికైనా డబ్బిచ్చినావా?"

"నేదండి."

"అద్గదీ."

పొద్దుటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు అన్నదో విక్టోరియాకే తెలియదు. బర్మా దేశంలో అహ్లోన్ రేవు పక్కన మూతపడిన బియ్యం మిల్లు ఒకటుంది. దాని గోదాము మీద రేకుల గది అది. కరెంటు తెల్లవారకముందే పోయింది. కింద జనరేటరు కొట్టుకుంటోంది. దాని మీద ఒక లాప్‌టాపు, ఒక నెట్టు పెట్టె నడుస్తున్నాయి. ఫ్యాను తిప్పితే డీజిలు దండగని చిన్నబ్బాయి మేస్త్రి ఆపేశాడు. గదిలో కుర్చీ ఒకటే. అది లాప్‌టాపు ముందుంది. అందులో కూర్చుని నవ్వడం నేర్చుకుంటోంది విక్టోరియా. ముంజేతి మీది కాలిన మచ్చ కనబడకుండా పొడుగు చేతుల రవిక వేసుకు రమ్మన్నాడు మేస్త్రి. అది చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

లైంగ్‌థార్యార్‌లో ఆమె పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో రోజు కూలి ఏడు వేల ఎనిమిది వందల చాట్లు. ఇవాళ్టి కూలి పోయింది. నాగా లేకుండా వచ్చినవాళ్ళకి నెలాఖరున ఇచ్చే బహుమానమూ పోయింది. వీశె నూనెకి ఒక రోజు కూలి చాలని కాలం.

చిన్నబ్బాయికి యాభై దాటాయి. పేరు మాత్రం చిన్నబ్బాయే. ఆయన తాత ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడలో మనుషుల్ని తెచ్చి ఈ మిల్లులో దించిన మేస్త్రి. ఓడలు పోయాయి, మిల్లు పోయింది, మేస్త్రి అన్న మాట మిగిలింది. మనవడు ఇప్పుడు ఇక్కడి మనుషుల్ని పై దేశాలకి పంపుతాడు. ఊరి నడిమధ్య అద్దాల గదుల ఏజెన్సీ ఒకటుంది. దానికి తెలుగు వీధుల్లోంచీ, పక్కనున్న బర్మా వీధుల్లోంచీ ఆడవాళ్ళని పోగుచేసి ఇవ్వడం ఆయన పని.

ఈసారి వెళ్ళేది మలేషియాకి. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీ. విక్టోరియా అక్కడ మూడేళ్ళు చేసి వచ్చింది. ఆ యజమానికి కొత్తగా నలభై మంది కావాలి. కావాలనగానే ఇచ్చేయరు. అక్కడి సర్కారు ముందు అతన్ని పరీక్షిస్తుంది. ఎన్ని మిషన్లున్నాయి, వాటికి ఇంతమంది అవసరమా, పన్ను కట్టాడా, జీతం బ్యాంకులో వేస్తున్నాడా, మనిషికో మంచం ఉందా, మనిషికో తాళం పెట్టె ఉందా, అతని మీద ఫిర్యాదులున్నాయా అని చూస్తుంది. అన్నీ అయ్యాక, అక్కడ పనిచేసి వచ్చిన మనిషిని ఒకరిని తెర మీద చూసి మాట్లాడుతుంది. బాగుందని ఆ మనిషి అంటే పని అయిపోయినట్టే. ఆ మనిషి ఎవరో ఎంచి చూపవలసింది ఆ యజమానే. యజమాని ఏజెన్సీకి చెప్పాడు. ఏజెన్సీ మేస్త్రికి చెప్పింది. మేస్త్రి విక్టోరియాని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"పరీచ్చ నీకు కాదే. ఆ బాసుకి. నువ్వొట్టి సాచ్చివి. నీకేటి బయం?" అన్నాడు మేస్త్రి.

"ఆడి పరీచ్చకి నానెందుకు సదవాల?"

"నీ గుంట ఎల్తంది గనక."

విక్టోరియా రవిక చెయ్యి ముంజేతి మీదికి లాక్కుంది.

ఆమె కూతురు హ్నిన్ కింద గోదాము అరుగు మీద ఉంది. వెళ్ళడానికి పేరిచ్చిన మిగతా ఆడవాళ్ళూ అక్కడే ఉన్నారు. హ్నిన్‌కి పంతొమ్మిదేళ్ళు. తండ్రి మిన్ తు బర్మావాడు, రేవులో మూటలు మోసేవాడు. పోయాడు. తాకేటాలో తల్లీకూతుళ్ళకి ఒక గది ఉంది. వీధి గుమాస్తా ఇంటింటికీ తిరిగి పద్దెనిమిది నిండినవాళ్ళ పేర్లు పట్టాళానికని రాసుకుపోయినప్పటి నుంచి, పొద్దు గూకాక హ్నిన్ గుమ్మం దాటలేదు. ఆడపిల్లల్ని పట్టాళంలోకి తీసుకుంటారో తీసుకోరో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఎక్కువ భయంగా ఉంది.

మేస్త్రి స్టీలు డబ్బా మూత తీశాడు. తడిగుడ్డలో తమలపాకులు. ఒక ఆకు తొడిమ తుంచి, సున్నం రాసి, వక్క వేసి మడిచాడు. కుడిచేత్తో చాచాడు.

మిల్లు రోజుల్లో కాయితాలు లేవు. మేస్త్రి చేతి ఆకు అందుకుని అతని ఎదుటే నోట్లో పెట్టుకున్నవాడు ఆ మేస్త్రి మనిషి. మర్నాటి నుంచి అతను చెప్పిన చోట మూట ఎత్తాలి. ఇప్పుడు కాయితాలున్నాయి, వేలిముద్రలున్నాయి, ఫొటోలున్నాయి. అయినా ఆకు పోలేదు. కాయితం ఆ దేశపోల్లకి, ఆకు మనకి అంటాడు చిన్నబ్బాయి. పాస్టరుగారు ఆకు నమలడం పాపమని ఆదివారం చెబుతారు. మేస్త్రి ఆకు సంగతి మాత్రం ఎత్తరు. ఆకు వెనక్కిచ్చినవాళ్ళని ఈ వీధుల్లో ఎవరూ చూడలేదు.

విక్టోరియా అందుకుంది. నోట్లో పెట్టుకుని బుగ్గన నొక్కుకుంది.

"అయిపోనాది. ఇంక నువ్వు పలికీది నీ మాట కాదు, నా మాట," అన్నాడు మేస్త్రి నవ్వుతూ. ఇంతలో ఆయన ఫోను మోగింది. మాట్లాడి పెట్టేశాడు. "ఆ సర్కారు మేడము బోజనం సేసొచ్చినాక మాటాడతాదట. కిందికెళ్ళి గాలి పోసుకురా. ఆకు ఉమ్మీకు."

*

అరుగు మీద సాన్ సాన్ ఎదురొచ్చింది. గ్లాసులో టీ పట్టుకుని నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళ బర్మా మనిషి, నిన్నటిదాకా విక్టోరియా పక్క మిషను మీద కుట్టింది. మలేషియా ఖాయమని మేస్త్రి అనగానే పని మానేసింది. అద్దె గది కూడా వదిలేసి పిల్లాణ్ణి తల్లి దగ్గర దించి వచ్చింది.

"అమ, తాగండి," అంది బర్మాలో. అమ అంటే అక్క. "మా అందరి బతుకూ ఇవాళ మీ నోట్లో ఉంది."

నోట్లో ఆకుందని విక్టోరియా తల అడ్డంగా ఊపింది. సాన్ సాన్ టీ తిరిగి తీసుకుపోలేదు. ఆమె పక్కనే అరుగు మీద పెట్టి వెళ్ళింది.

హ్నిన్ పరుగున వచ్చింది. బుగ్గలకి తనకా గంధం కొత్తగా రాసుకుంది. అమ్మని బర్మా పిలుపుతో అమే అంటుంది. ఇంటి తెలుగు ఆమెకి సగం వచ్చు. మిగతా సగం అర్థమవుతుంది.

"అమే, ఇంటర్వ్యూ ఓకేనా?"

"ఇంకా అవ్వలేదు. ఆకలిగుందా?"

"బజ్జీ తింటా."

సందు ఎదుట ఎస్తేరు రాణి మూకుడు పెట్టుకుని సొరకాయ బజ్జీలు వేస్తోంది. విక్టోరియా కంటే రెండేళ్ళు పెద్దది. పదేళ్ళు పెద్దదానిలా ఉంటుంది. ఇద్దరూ ఒకే విమానంలో ఆ లాండ్రీకి వెళ్ళారు. బ్లీచింగు గదిలో పని ఎస్తేరు రాణిది, ఆవిరి ఇస్త్రీ విక్టోరియాది. ఒకరికి మచ్చ మిగిలింది, ఒకరికి దగ్గు.

"ఏటే, పెళ్ళికూతురు నాగ పొడుగు సేతులు తొడిగీసినావు?"

"మేస్త్రి తొడగమన్నాడు."

"మచ్చ అవుపడకుండానా? మరి నా దగ్గుకేటి తొడుగుతాడో అడక్కపోనావా?" అని నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగేదాకా చేతిలో జల్లిగరిటె నూనె మీదనే ఉండిపోయింది. బజ్జీలు మాడిపోతే తీసి పక్కన పెట్టింది. "ఇయ్యి నీకు ఊరకే గుంటా. తిను. మాడితే ఏటి, సొరకాయే."

హ్నిన్ ఒకటి కొరికింది. "పెద్దమ్మా, నువ్వు కూడా అక్కడ చేసినావు కదా. నిన్ను ఎందుకు పిలవలే?"

ఎస్తేరు రాణి విక్టోరియా వైపు చూసింది. విక్టోరియా నూనె వైపు చూస్తోంది.

"నాకు నవ్వు మొకం నేదు గుంటా."

"ఫొటోలో ఉన్నావు కదా!" హ్నిన్ ఫోను తీసింది. తెర మీద ఎప్పుడూ ఉండే బొమ్మే అది. తెల్లటి దుప్పటి పరిచిన మంచం. అంచున సన్నటి నీలం గీత. మంచం మీద విక్టోరియా కూర్చుని నవ్వుతోంది. వెనక మంచం మీద ఎస్తేరు రాణి గోడవైపు తిరిగి నిద్రపోతోంది. "చూడు, ఎంత బాగా పడుకున్నావో."

ఎస్తేరు రాణి ఫోను దగ్గరికి తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఓలమ్మా! ఆ నిద్దరే! ఆ దుప్పటి మీద తీసిన కునుకు లాంటిది నా బతుకులో మళ్ళీ రానేదు. ఏం సుకం, ఏం సుకం!"

"విన్నావా అమే? పెద్దమ్మ కూడా చెప్తోంది." హ్నిన్ మొహం వెలిగింది. ఆ మాట సాన్ సాన్‌కి చెప్పాలని అరుగు వైపు పరిగెత్తింది.

ఆ ఫొటో తీసిన రోజు విక్టోరియాకి బాగా గుర్తు.

అధికారులు వస్తున్నారని తెల్లవారకముందే లేపారు. మామూలుగా ఆ గదిలో మంచాలకి దుప్పట్లు ఉండవు, చెక్క మీద ప్లాస్టిక్ పట్టా ఉంటుంది. ఒక్కో మంచానికి ఇద్దరు. పగలు ఒకరు, రాత్రి ఒకరు. పగటి డ్యూటీ మనిషి లేచిన వేడి చల్లారకముందే రాత్రి డ్యూటీ మనిషి వచ్చి పడుకుంటుంది. ఆ రోజు రాత్రి డ్యూటీవాళ్ళని పడుకోనివ్వలేదు. లారీలో ఎక్కించి, అధికారులు పోయేదాకా ఎండలో రోడ్లంట తిప్పారు. హోటలుకి పోవలసిన దుప్పట్లు విప్పి మంచాల మీద పరిచారు. వాటిని ఇస్త్రీ చేసింది విక్టోరియానే. కూర్చోండి, పడుకోకండి, ముడత పడకూడదు అన్నాడు సూపర్వైజరు. అందరికీ ఫొటోలు తీసి, ఇంటికి పంపుకోండి అన్నాడు. పంపారు.

ఎస్తేరు రాణి రెండు డ్యూటీలు వరసగా చేసి ఉంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. అధికారులు లోపలికి వచ్చేసరికి నిద్రలో ఉంది. పాపం లేపకండి, ఎంత హాయిగా పడుకుందో అని వాళ్ళు మునివేళ్ళ మీద నడిచారు. ఆ సంగతి కాయితం మీద మంచిగా రాసుకున్నారు కూడా. వాళ్ళు వెళ్ళాక చూస్తే, నిద్రలో ఆమె నోట్లోని ఆకు రసం కారి దుప్పటి మీద అరచేయంత ఎర్రటి మరక. బ్లీచింగులో వేసినా పోలేదు. హోటలువాళ్ళు దుప్పటి కట్ట మొత్తం తిప్పి పంపారు. ఆ నష్టం ఎస్తేరు రాణి జీతంలో పట్టారు. నెల తిరక్కుండా ఆమెని ఇంటికి పంపేశారు. ఫిర్యాదు చేద్దామంటే పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. ఫిర్యాదు చేస్తామన్నవాళ్ళని అంతకుముందే ఇళ్ళకి పంపేశారు. ఉన్నవాళ్ళు చెయ్యరు. అందుకని ఆ యజమాని మీద ఒక్క ఫిర్యాదూ లేదు.

"సెప్పనేదా గుంటకి?" అంది ఎస్తేరు రాణి.

"నేదు."

"ఎందుకే?"

"నువ్వు సెప్పినావా మీవోల్లకి?"

"నాను దగ్గుతన్నాను గదే. అదే సెప్తాది."

పోయి వచ్చినవాళ్ళు చెప్పరు. వీధి అంతా అంతే. వచ్చిన రోజున అందరూ చుట్టూ చేరతారు. ఎలాగుంది అంటారు. బాగుంది అనాలి. బాగులేదంటే, అంతమంది నెట్టుకొస్తుంటే నీకేం రోగం అంటారు. అందుకని బాగుంది అంటారు. ఒకసారి అన్నాక రెండోసారీ అదే అనాలి. విక్టోరియా రెండేళ్ళుగా అంటోంది. హ్నిన్ అడిగినప్పుడల్లా ఆ దేశం వానల గురించీ, అక్కడ దొరికే పళ్ళ గురించీ చెప్పింది. పిల్ల పేరిచ్చిన రోజున వద్దందామని నోరు తెరిచింది. వీధి గుమాస్తా రాసుకుపోయిన పేర్లు గుర్తొచ్చి మూసేసింది.

"ఇప్పుడు మారిందంట. కొత్త గదులు కట్టినాడంట. మేస్త్రి సెప్పినాడు," అంది విక్టోరియా.

"అయితే మంచిదే," అంది ఎస్తేరు రాణి. సొరకాయ ముక్క పిండిలో ముంచింది. "దుప్పట్లు సూడు. మంచం కొత్తదైనా పాతదైనా, దుప్పటి సూడు."

పైనుంచి మేస్త్రి ఈల వేశాడు.

*

తెర మీద అధికారి చిన్నవయసు మనిషి. తలకి లేతాకుపచ్చ గుడ్డ చుట్టుకుంది. పక్కన బర్మా పిల్ల ఒకతె దుబాసీగా కూర్చుంది. మేస్త్రి తెరకి కనబడకుండా లాప్‌టాపు వెనక నిలబడ్డాడు. ఆయన కాళ్ళ దగ్గర నెట్టు పెట్టె పచ్చ దీపాలు ఆడుతున్నాయి. గది గుమ్మంలో హ్నిన్, సాన్ సాన్, వాళ్ళ వెనక మెట్ల మీద మరికొందరు.

అధికారి ముందు క్షమాపణ చెప్పింది, ఆలస్యమైనందుకు. విక్టోరియా బాగున్నారా అని అడిగింది. నవ్వింది. దొంగ నవ్వు కాదది. అందువల్ల విక్టోరియాకి మరీ కష్టమైంది.

"ఉద్యోగం కోసం ఎవరికైనా డబ్బిచ్చారా?" దుబాసీ పిల్ల బర్మాలో అడిగింది. విక్టోరియా బర్మాలోనే చెప్పింది.

"లేదండి."

"మీ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది?"

"నా దగ్గరేనండి. తాళం పెట్టెలో."

"తాళం చెవి?"

"నా దగ్గరేనండి."

అధికారి ఒక్కొక్కదానికీ కాయితం మీద గీత పెడుతోంది. మేస్త్రి లాప్‌టాపు వెనక తల ఊపుతున్నాడు. విక్టోరియా నవ్వుతోంది. పొద్దుటి నుంచి నేర్చుకున్న నవ్వు నోటికి దానంతటదే వచ్చేస్తోంది. బుగ్గనున్న ఆకు చేదెక్కింది.

"ఈ యజమాని మీద ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదూ లేదు. చాలా అరుదు అంటున్నారు మేడమ్. మీకేమైనా ఫిర్యాదు ఉందా?"

"ఏమీ లేదండి."

ఇంకొక గీత.

అప్పుడు తెర రెండు ముక్కలైంది. రెండో ముక్కలో లాండ్రీ యజమాని ఫోను పట్టుకుని నడుస్తూ గదులు చూపిస్తున్నాడు. గోడలకి కొత్త రంగు వేశారు. మేస్త్రి చెప్పింది అబద్ధం కాదు, మంచాలు కూడా కొత్తవే. ఇనప మంచాలు, వరసగా. ప్రతి మంచం మీదా తెల్లటి దుప్పటి. ముడత లేదు. అంచున సన్నటి నీలం గీత.

విక్టోరియా నవ్వు అలాగే ఉండిపోయింది.

ఫోను ఒక మంచం దగ్గర ఆగింది. ఎవరో ఆడమనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాళ్ళకి పనిచోటి రబ్బరు చెప్పులు ఇంకా ఉన్నాయి. యజమాని చిన్నగా నవ్వి, ఏదో అన్నాడు. అధికారి వేలు పెదవి మీద పెట్టుకుంది.

"నిద్రపోతున్నారు, లేపవద్దు అంటున్నారు మేడమ్," అంది దుబాసీ పిల్ల. ఆమె కూడా గొంతు తగ్గించింది. "మేడమ్ ఇంకొక్కటే అడుగుతారట. మీ అమ్మాయి పేరు కూడా ఈ నలభై మందిలో ఉంది కదా. తల్లిగా చెప్పండి. మీ అమ్మాయి ఇక్కడ ఇలాగే నిద్రపోగలదా?"

పొద్దుటి నుంచి నేర్పిన ప్రశ్నల్లో ఇది లేదు. మేస్త్రి పెదవులతో అందించాడు, పోగలదండి అను, పోగలదండి అను.

విక్టోరియా గుమ్మం వైపు చూసింది. హ్నిన్ రెండు చేతులతో ఫోను గుండెకి ఆనించుకుని ఉంది. కళ్ళు తెర మీదున్నాయి. ఆ తెల్ల మంచాల్లో తన మంచం ఏదో వెతుక్కుంటున్నట్టుంది.

"ఆ దుప్పట్లు వాళ్ళవి కావండి," అంది విక్టోరియా.

దుబాసీ పిల్ల అర్థం కానట్టు చూసింది. "మళ్ళీ చెప్పండి?"

"హోటలువి. మీరు చూసి వెళ్ళగానే తీసేస్తారు. నీలం గీత ఉన్నవి హోటలువండి, నేను ఇస్త్రీ చేసినవే. ఆ పడుకున్నామెని లేపండి. మెల్లిగా లేపండి. దుప్పటికి మరక అంటితే ఆమె జీతం పట్టుకుంటారు. ఆమె మంచం మీద రెండో పూట ఎవరు పడుకుంటారో అడగండి. ఆ రెండో ఆమె ఇప్పుడు ఎక్కడుందో..."

దుబాసీ పిల్ల అధికారి వైపు వంగి ఏదో అనడం మొదలుపెట్టింది. అధికారి చేతిలో పెన్ను ఆగింది. ఆమె తలెత్తి తిన్నగా విక్టోరియా వైపు చూడబోయింది.

మేస్త్రి వంగి నెట్టు పెట్టె తీగ లాగేశాడు.

తెర మీద అధికారి నోరు సగం తెరుచుకుని అలాగే నిలిచిపోయింది. విన్నదో లేదో, వింటే ఎంత విన్నదో తెలియదు.

"కరెంటు పోనాది," అన్నాడు మేస్త్రి.

కింద జనరేటరు కొట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడు అందరికీ వినిపిస్తోంది.

మేస్త్రి నుదురు తుడుచుకున్నాడు. కోపం రాలేదు ఆయనకి, వచ్చినా కనబడనివ్వలేదు. మడమల మీద కూర్చుని డబ్బా తెరిచి, ఇంకొక ఆకు తీసి సున్నం రాశాడు. పనివాళ్ళు తడబడితే తాత ఎలా చేసేవాడో అలాగే.

"అయిపోనాదేదో అయిపోనాది. ఎండదెబ్బ. మాట తడబడ్డాది, అంతే. నాను ఫోన్ సేసి సెప్తాను, మనిసికి తల తిరిగినాదని. మళ్ళీ కలిపినప్పుడు, ఇందాకటిది వేరే లాండ్రీ సంగతండి, మర్సిపోయి సెప్పీసినానండి అను. సాలు. ఇదుగో. కొత్తాకు."

చెయ్యి చాచాడు.

విక్టోరియా చెయ్యి చాచలేదు.

"అమ," అంది సాన్ సాన్ గుమ్మంలోంచి. ఏడుస్తోందో, తిడుతోందో ఆ గొంతుని బట్టి తెలియడం లేదు. "నేను గది వదిలేశాను. మీకు తెలుసు కదా. నేను పని వదిలేశాను."

"తెలుసు," అంది విక్టోరియా.

"మరి ముందే చెప్పొచ్చు కదా! మీరు బాగుందన్నారు కదా! మిషను దగ్గర పక్కన కూర్చుని రోజూ చెప్పారు కదా!"

"చెప్పాను."

సాన్ సాన్ దగ్గర ఇంకా మాటలున్నాయి. అవన్నీ అన్నది. మెట్ల మీద ఉన్నవాళ్ళు కూడా తలొకటి అన్నారు. తన కూతురు పోకపోతే ఎవరూ పోకూడదా అని ఒకరు. ఆ మాత్రం చాకిరీ ఇక్కడ లేదా అని ఒకరు. విక్టోరియా వింది. ఏ ఒక్కటీ తప్పు మాట కాదు.

మేస్త్రి చెయ్యి ఇంకా చాచే ఉంది. సున్నం ఎండిపోతోంది.

విక్టోరియా నోట్లో వేలు పెట్టి, బుగ్గనున్న ఆకు తీసింది. నమలని ఆకు. మడత మడతగానే ఉంది. అంచుల్లోంచి ఎర్రగా కారి అరచేతిలో పడింది. దాన్ని తీసుకెళ్ళి మేస్త్రి డబ్బా మూత మీద పెట్టింది. స్టీలు మీద చిన్న చప్పుడు కూడా కాలేదు.

మేస్త్రి దానివైపు చూశాడు. ఆయన మొహం మీద కనబడింది కోపం కాదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వస్తువు చేతికొచ్చిన మనిషిలా ఉన్నాడు. వాళ్ళ తాతకి గానీ, తండ్రికి గానీ ఎవరూ తిరిగి ఇవ్వని వస్తువు అది.

"ఇదేటే?" అన్నాడు చివరికి.

"నీ ఆకు."

"నోట్లో ఎట్టుకున్నాక తీసిత్తారేటే ఎవులైనా? సిగ్గు నేదేటి నీకు?"

"ఉన్నాది."

"సరే. లెగు." ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు మారింది. "లెగు ఆ కుర్సీలోంచి. మలేషియా ఎల్లొచ్చినోల్లు నువ్వొక్కర్తివేనా? సింహాచలమ్మకి ఫోన్ సేత్తాను, ఆటో ఎక్కి ఒచ్చీసి కూకుంటాది. నీ కన్నా బాగా నవ్వుతాది. లెగు."

విక్టోరియా లేవలేదు.

చేతులు కుర్చీ పట్టెల మీద వేసింది. పొడుగు చేతుల రవిక మోచేతి దాకా ఎగదోసుకుంది. ఉక్కగా ఉండి అలా చేసిందో, ఇంకెందుకు చేసిందో ఆమెకే తెలియదు. ముంజేతి మీద ఆవిరి ఇస్త్రీ మచ్చ నున్నగా మెరిసింది. ఎదుట తెర మీద ఆ అధికారి నోరు సగం తెరిచి అలాగే ఉంది.

హ్నిన్ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మేస్త్రి పక్కనుంచి, డబ్బా దాటుకుని, తల్లి ముందు నిలబడింది. ఫోను తెర తల్లివైపు తిప్పింది. తెల్ల దుప్పటి, నీలం గీత, నవ్వుతున్న తల్లి.

"అమే, ఫొటో కూడానా?"

"ఫొటో కూడానే."

హ్నిన్ ఫోను తనవైపు తిప్పుకుని చూసింది. ఏడవలేదు. తల్లిని పట్టుకోనూ లేదు. పెదవులు బిగించి, రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసింది. వెనక మంచం మీద ఎస్తేరు రాణి పడుకున్న చోటికి జరిపింది. ఇంకా పెద్దది చేసింది. ఆమె మొహం దగ్గర దుప్పటి మీద ఇంతకాలం తను చూడనిదేదో ఉందేమో అని వెతికింది.

మేస్త్రి జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. పై దేశపు నంబరు. విక్టోరియా వైపు చూశాడు. నెట్టు పెట్టె తీగ ఆయన రెండో చేతిలోనే ఉంది.

"లెగవే," అన్నాడు. ఈసారి బతిమాలుతున్నట్టుంది.

కింద సందులో ఎస్తేరు రాణి దగ్గు మొదలైంది. ఫోను మోగుతూనే ఉంది. విక్టోరియా కుర్చీని తెరకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.